ముందు మాత్ర పడాలి, మిగతావన్నీ తర్వాత

ప్రశ్న: నా వయసు 31, మావారికి 36. నాలుగు నెలల కిందట హెర్నియా ఆపరేషన్‌కి ముందు చేసిన రక్తపరీక్షలో ఆయనకు హెచ్‌ఐవీ ఉందని తెలిసింది. నాకూ చేశారు, నెగెటివ్. నెల కిందట మళ్లీ చేస్తే అప్పుడూ నెగెటివే. ఆయన ప్రభుత్వ ఆసుపత్రి ఏఆర్‌టీ సెంటర్లో (హెచ్‌ఐవీకి మందులిచ్చే చోటు) ఇచ్చిన మాత్ర రోజూ రాత్రి వేసుకుంటున్నారు. తెలిసినప్పటి నుంచి కండోమ్ లేకుండా కలవలేదు. మొన్న శనివారం రాత్రి పదకొండు గంటలప్పుడు కండోమ్ చిరిగిపోయింది, చివర్లో గానీ చూసుకోలేదు. ఇది సోమవారం పొద్దున రాస్తున్నాను. మెడికల్ షాపులో ఎవరికో అన్నట్టు అడిగితే ‘ఒక్క మాత్ర వేస్తే చాలు, గర్భం రాకుండా వేసుకునేదాని లాగే’ అన్నారు. నిజమా? ముందే రోజూ వేసుకునే మందు కూడా ఉందంటున్నారు, అదేంటి? మాకు ఐదేళ్ల పాప ఉంది. ఇంకో బిడ్డ కావాలని ఉండేది, ఆ ఆశ వదులుకోవాల్సిందేనా? నాకు రక్తం తక్కువని ఐరన్, కాల్షియం మాత్రలు ఇచ్చారు, గ్యాస్ పడితే సిరప్ తాగుతాను. ఈ సంగతి ఊళ్లో ఎవరికీ తెలియకూడదు.
— ఒక సోదరి, ప్రకాశం జిల్లా

సమాధానం: మీ ఉత్తరం అందిన వెంటనే మీకు విడిగా జవాబు పంపాం. ఇది వారం ఆగి చదువుకునే సంగతి కాదు. మీలాంటి స్థితిలో ఉన్నవాళ్లు ఇంకా చాలామంది ఉంటారు కాబట్టి ఇక్కడ వివరంగా రాస్తున్నాం.

ముందు గడియారం లెక్క చూడండి. శనివారం రాత్రి 11 నుంచి 72 గంటలంటే మంగళవారం రాత్రి 11. మీరు ఉత్తరం రాసే సమయానికి అందులో దాదాపు సగం అయిపోయింది. కాబట్టి ఆలస్యం కాలేదు, కానీ తీరుబడిగా ఆలోచించే టైమూ లేదు. ఈ మందును పెప్ అంటారు, అంటే వైరస్ తగిలే అవకాశం ఏర్పడ్డాక అది ఒంట్లో పాతుకోకుండా వేసుకునేది. తొలి మాత్ర రెండు గంటల్లోపు పడితే అన్నిటికంటే మేలు, తర్వాత గడిచే ప్రతి గంటకూ ఫలితం తగ్గుతూ వస్తుంది, 72 గంటలు దాటితే మొదలుపెట్టరు. ‘రేపు సెలవు పెట్టి వెళ్దాం’, ‘ముందు పరీక్ష చేయించుకుని రిపోర్టు వచ్చాక చూద్దాం’ అనుకుని వాయిదా వేసేవాళ్లే ఎక్కువ నష్టపోతున్నారు. రక్తం ఇవ్వడం, తొలి మాత్ర వేసుకోవడం ఒకే పూట జరగాలి. ఆ రిపోర్టుల కోసం మాత్రను ఆపకూడదు.

72 గంటల లెక్క ఊరికే పెట్టింది కాదు. వైరస్ లోపలికి వెళ్లగానే ఒళ్లంతా పాకదు. మొదట యోని పొరలోని కొన్ని కణాల్లో చేరి, వాటి ద్వారా రెండు మూడు రోజుల్లో దగ్గరి లింఫు గ్రంథులకు చేరుతుంది. ఒకసారి మన కణం డీఎన్‌ఏలో తన ప్రతిని అతికించేసిందంటే ఇప్పుడున్న ఏ మందూ దాన్ని పీకలేదు. ఆ అతుకు పడకముందే అడ్డుకోవడం పెప్ పని. 1998లో కోతుల మీద చేసిన ఒక పరిశోధన ఫలితాలు వచ్చాయి. వైరస్ ఎక్కించిన 24 గంటల్లోపు టెనోఫోవిర్ మొదలుపెట్టి 28 రోజులు ఇచ్చినవాటిలో ఒక్కదానికీ సోకలేదు. 48 గంటలకో 72 గంటలకో మొదలుపెట్టినవాటిలో కొన్నిటికి సోకింది. సకాలంలో మొదలుపెట్టినా మూడు రోజులకో పది రోజులకో ఆపేసిన వాటిలోనూ కొన్నిటికి సోకింది. త్వరగా మొదలుపెట్టమనీ 28 రోజులూ వాడమనీ గట్టిగా చెప్పేది అందుకే. మెడికల్ షాపు వాళ్లు చెప్పిన ‘ఒక్క మాత్ర’ గర్భనిరోధానికి సంబంధించినది. హెచ్‌ఐవీకి అలాంటి ఒంటి మాత్ర లేదు.

ఇక మీకు పెప్ అవసరమా అన్న సంగతి. మందులు వాడని పాజిటివ్ పురుషుడితో కండోమ్ లేకుండా కలిస్తే స్త్రీకి సోకే అవకాశం సగటున 10,000 సార్లకు 8. చిన్న అంకెలాగే కనిపిస్తుంది, కానీ అది సగటు. ఆయన రక్తంలో వైరస్ ఎక్కువగా ఉన్నా, మీకు పుండ్లు గానీ తెల్లబట్ట, మంట లాంటి ఇన్ఫెక్షన్ గానీ ఉన్నా బాగా పెరుగుతుంది. మీవారు నాలుగు నెలలుగా మాత్ర మానకుండా వేసుకుంటుంటే వైరస్ చాలావరకు తగ్గిపోయి ఉండొచ్చు. కానీ రక్తంలో వైరస్ ఎంత ఉందో చెప్పే వైరల్ లోడ్ పరీక్ష మొదటిసారి చేసేది ఆరు నెలలకు. చేతిలో రిపోర్టు లేనప్పుడు తగ్గిందనే ధైర్యంతో ఊరుకోకూడదు. అందుకే మీ విషయంలో పెప్ తీసుకోమనే చెబుతాం. ఇదే ప్రమాదం ఏడాది తర్వాత, రిపోర్టులో వైరస్ కనిపించని దశలో జరిగి ఉంటే అక్కర్లేదని చెప్పేవాళ్లం.

ఏ మందు ఇస్తారంటే, మూడు మందులు కలిసిన ఒకే మాత్ర: టెనోఫోవిర్ 300, లామివుడిన్ 300, డోలుటెగ్రావిర్ 50 మిల్లీగ్రాములు. ఏఆర్‌టీ సెంటర్లో దీన్ని టీఎల్‌డీ అంటారు. రోజుకొకటి, 28 రోజులు. ఈ పేరు వినగానే మీకు అర్థమై ఉంటుంది, మీవారి డబ్బాలో ఉన్నదీ చాలామటుకు ఇదే. అందుకే ఇలాంటి ఇళ్లలో ‘ఎవరికీ చెప్పకుండా ఆయన డబ్బాలోంచే నెల రోజులు వేసుకుంటే పోలా’ అన్న ఆలోచన వస్తుంది. అలా చేయకండి. ఆయన డబ్బాలో 30 మాత్రలుంటాయి, నెలకు సరిగ్గా లెక్క. మీరు 28 తీసుకుంటే ఆయనకు నెల మందు పోయినట్టే, ఆయన ఒంట్లో వైరస్ మళ్లీ లేస్తుంది, మీ ప్రమాదమూ దాంతోపాటే పెరుగుతుంది. పైగా మీ కిడ్నీల పరిస్థితి, హెపటైటిస్ బీ ఉందా లేదా, ఆయనకు ఇంతకుముందు వేరే మందులు విఫలమయ్యాయా అన్నవి డాక్టర్ అడిగి తెలుసుకోకుండా, పరీక్షకు రక్తం ఇవ్వకుండా సొంతంగా మొదలుపెట్టకూడదు. అర్ధరాత్రి, ఆసుపత్రి యాభై మైళ్ల దూరం, తెల్లవారే దాకా బండి లేదు అన్న పరిస్థితిలో ఏం చేయాలో ఏఆర్‌టీ డాక్టర్‌నో, 1097 హెచ్‌ఐవీ హెల్ప్‌లైన్ ఉచిత నంబర్‌నో ఫోన్‌లో అడిగి వాళ్లు చెప్పినట్టు చేయండి. మీ అంతట మీరు నిర్ణయించుకోవద్దు.

ఎక్కడికి వెళ్లాలి? పగలైతే మీవారు వెళ్లే ఏఆర్‌టీ సెంటరుకే వెళ్లండి. ఆయన పుస్తకం అక్కడే ఉంటుంది, ఆయన వాడే మందేమిటో డాక్టర్‌కు ఒక్క నిమిషంలో తెలుస్తుంది. రాత్రి అయితే, ఆదివారమైతే, జిల్లా ఆసుపత్రి క్యాజువాలిటీకి వెళ్లి డ్యూటీ డాక్టర్‌తో ‘పెప్ కావాలి’ అని ఈ మాటతోనే అడగండి. చుట్టూ తిప్పి చెబితే జ్వరం మాత్ర ఇచ్చి పంపినా పంపుతారు. ఒక చిక్కు ముందే చెప్పాలి. జాతీయ మార్గదర్శకాలు పెప్ గురించి విపులంగా రాసింది ఆసుపత్రి సిబ్బంది, లైంగిక దాడికి గురైనవారి విషయంలో. భార్యాభర్తల మధ్య కండోమ్ చిరిగిందంటే కొన్నిచోట్ల ‘మాకు అలా ఇవ్వడానికి లేదు’ అనే సమాధానం వస్తుంది. అప్పుడు వాదిస్తూ కూర్చుంటే గంటలు పోతాయి. మందు చీటీ రాసివ్వమని అడగండి, ప్రైవేటులో హెచ్‌ఐవీ చికిత్స చేసే ఫిజీషియన్‌ను అడిగినా రాస్తారు. ఇదే మాత్ర పట్టణాల్లోని పెద్ద మందుల దుకాణాల్లో 30 మాత్రల డబ్బాగా దొరుకుతుంది.

డబ్బా తెచ్చుకున్నాక మాత్రలను కాగితంలోకో ప్లాస్టిక్ డబ్బీలోకో మార్చకండి. లోపల చిన్న సంచిలో ఉండే గుళికలు తేమ పీల్చుకోవడానికి పెట్టినవి. వాటిని పారేయకండి, మూత గట్టిగా బిగించండి, వంటగదిలో పొయ్యి పక్కన పెట్టకండి. ఎవరైనా చూస్తారని భయమైతే పైనున్న కాగితం చించేయండి, కానీ డబ్బా మాత్రం అదే ఉంచండి. 28 రోజులయ్యాక రెండు మాత్రలు మిగులుతాయి. వాటిని మరోసారికి దాచుకోకండి.

మొదటి రోజు తీసే రక్తంలో నాలుగు చూస్తారు: హెచ్‌ఐవీ, హెపటైటిస్ బీ, సీ, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్. మీకు గర్భం ఉందేమో మూత్రపరీక్ష కూడా. నెల కిందటి నెగెటివ్ రిపోర్టు ఉన్నా హెచ్‌ఐవీ పరీక్ష మళ్లీ చేయాలి. మందు మొదలయ్యే రోజున మీరు నెగెటివ్ అని కాగితం మీద ఉండాలి, తర్వాత వచ్చే ఫలితాలను దానితో పోల్చి చూస్తారు. హెపటైటిస్ బీ ఎందుకంటే, టెనోఫోవిర్, లామివుడిన్ రెండూ ఆ వైరస్‌నూ అణచేవే. ఆ జబ్బు ఉన్నవాళ్లు 28 రోజులు వాడి టక్కున ఆపితే కాలేయం మీద అది ఒక్కసారిగా తిరగబడుతుంది. అలాంటివాళ్లు డాక్టర్ చెప్పకుండా ఆపకూడదు. హెపటైటిస్ బీ లేదని తేలితే టీకా వేయించుకోండి. ఇంకో మాట: డోలుటెగ్రావిర్ వల్ల క్రియాటినిన్ అంకె కొంచెం పైకి జరుగుతుంది. కిడ్నీకి దెబ్బ తగిలి కాదు, అది బయటికి పోయే దారిని మందు కాస్త అడ్డుకోవడం వల్ల. రిపోర్టు చూసి భయపడి మాత్ర ఆపేయవద్దు, డాక్టర్‌కు చూపించండి.

ఐరన్, కాల్షియం, గ్యాస్ సిరప్ వాడుతున్నట్టు రాసి మంచి పని చేశారు. ఎవరూ అడగరు, చాలామంది చెప్పరు, మందు పనిచేయకుండా పోయేది ఇక్కడే. డోలుటెగ్రావిర్ ఈ లోహాలను పట్టుకుని కడుపులోనే ముద్దలా ఉండిపోతుంది, రక్తంలోకి సరిగా ఎక్కదు. తేలికైన ఏర్పాటు ఇది: టీఎల్‌డీ పొద్దున టిఫిన్ తిన్నాక, ఐరన్ మధ్యాహ్నం, కాల్షియం రాత్రి భోజనం తర్వాత. ఐరన్, కాల్షియం రెండిటినీ ఎలాగూ ఒకేసారి వేసుకోకూడదు కాబట్టి ఇది రెండు విధాలా కలిసొస్తుంది. గ్యాస్ సిరప్పుల్లో అల్యూమినియం, మెగ్నీషియం ఉంటాయి. టీఎల్‌డీ వేసుకున్న రెండు గంటల తర్వాత గానీ సిరప్ తాగకండి. తాగితే ఆరు గంటల దాకా మళ్లీ టీఎల్‌డీ వేసుకోకండి. ఈ 28 రోజులూ గ్యాస్‌కు పాంటోప్రజోల్ మాత్రకు మారితే ఈ లెక్కలే ఉండవు, దానితో ఇబ్బంది లేదు. ఇది చదివే వేరేవాళ్లకు కూడా: షుగర్‌కు మెట్‌ఫార్మిన్ వాడేవాళ్లు రోజుకు 1000 మిల్లీగ్రాములు దాటకూడదు. ఫిట్స్‌కు కార్బమజపిన్, ఫెనిటాయిన్, క్షయకు రిఫాంపిసిన్ వాడేవాళ్లు ఆ సంగతి డాక్టర్‌కు తప్పక చెప్పాలి, అవి డోలుటెగ్రావిర్ బలాన్ని తగ్గించేస్తాయి. రిఫాంపిసిన్ వాడుతుంటే డోలుటెగ్రావిర్ రోజుకు రెండుసార్లు ఇవ్వాల్సి వస్తుంది.

మొదటి వారంలో వికారం, తలనొప్పి, కొందరికి నిద్ర పట్టకపోవడం ఉంటాయి. రాత్రి వేసుకునేవాళ్లకు నిద్ర పట్టకపోతే పొద్దుటి పూటకు మార్చుకుంటే సరిపోతుంది, మీకు పొద్దుట చెప్పడానికి అదీ ఒక కారణం. ఒక పూట మర్చిపోతే గుర్తొచ్చిన వెంటనే వేసుకుని, మర్నాడు మామూలు వేళకే వేసుకోండి, రెండు కలిపి వేసుకోకండి. వరసగా రెండు రోజులు తప్పితే ఇంకా కొనసాగించాలా వద్దా అన్నది డాక్టరే తేల్చాలి. ఒంటి మీద దద్దుర్లతో జ్వరం వచ్చినా, కళ్లు పచ్చబడినా అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి. పది పన్నెండు రోజులకు ‘నాకేం కాలేదుగా’ అనిపించి ఆపేసేవాళ్లు చాలామంది. కాకపోవడానికి కారణం ఆ మాత్రే కావచ్చు.

ఇప్పుడిప్పుడే గర్భం వద్దనుకుంటే దానికి వేరే మాత్ర వేసుకోవాలి. లెవోనోర్జెస్ట్రెల్ 1.5 మిల్లీగ్రాములు, ఒక్కటి, దానికీ 72 గంటలే గడువు. మెడికల్ షాపు వాళ్లు చెప్పింది ఇదే. డోలుటెగ్రావిర్ దాని పనికి అడ్డురాదు. ఒకవేళ ఇప్పటికే గర్భం ఉన్నా టీఎల్‌డీ వాడొచ్చు. డోలుటెగ్రావిర్ వల్ల బిడ్డకు వెన్నెముక లోపం వస్తుందేమోనన్న అనుమానం 2018లో బోట్స్‌వానా నుంచి వచ్చింది. తర్వాత ఎక్కువమంది గర్భిణుల వివరాలు చూశాక ఆ భయం నిలవలేదు.

కండోమ్ చిరిగాక లోపల డెటాల్‌తోనో సబ్బుతోనో కడిగారేమో మీరు రాయలేదు. మరోసారి అలాంటిది జరిగితే పైపైన మామూలు నీళ్లతో కడుక్కుంటే చాలు. లోపలికి నీళ్లు కొట్టడం, మందునీళ్లు వాడటం పొరను గీరినట్టవుతుంది, వైరస్‌కు దారి ఇచ్చినట్టే. కండోమ్ ఎందుకు చిరిగిందో కూడా చూసుకోండి. కొబ్బరినూనె, వాజ్‌లైన్ రాస్తే రబ్బరు నిమిషాల్లో బలహీనపడుతుంది. జారుడు కావాలంటే నీటితో చేసిన జెల్లే వాడాలి. పర్సులో, బండి డిక్కీలో ఎండకు మగ్గినవి వాడకండి, తేదీ చూడండి.

28 రోజులు పూర్తయ్యాక పరీక్షలు ఎప్పుడంటే: ప్రమాదం జరిగినప్పటి నుంచి ఆరు వారాలకు, మూడు నెలలకు, ఆరు నెలలకు. ఈలోగా కండోమ్ తప్పనిసరి, రక్తదానం చేయకండి. రెండు నుంచి నాలుగు వారాల మధ్య జ్వరం, గొంతునొప్పి, ఒంటి మీద దద్దు, మెడలో గడ్డలు కలిసి వస్తే వైరల్ జ్వరమని ఇంట్లో కూర్చోకుండా ఏఆర్‌టీ సెంటర్లో చూపించుకోండి.

ఇక మీ రెండో ప్రశ్న. అవును, ముందే వేసుకునే మందు ఉంది, దాన్ని ప్రెప్ అంటారు. టెనోఫోవిర్ డైసోప్రాక్సిల్ 300, ఎమ్‌ట్రిసిటబిన్ 200 కలిసిన మాత్ర, రోజుకొకటి. అమెరికాలో 2012లో అనుమతి వచ్చింది, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో ముప్పు ఎక్కువగా ఉన్న అందరికీ ఇవ్వొచ్చంది, మన జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ 2022లో మార్గదర్శకాలు విడుదల చేసింది. ప్రభుత్వ కేంద్రాల్లో ఇది అన్నిచోట్లా దొరకదు, చాలామంది చీటీ మీద బయట కొనుక్కుంటున్నారు. కొనేటప్పుడు ఒక జాగ్రత్త. దుకాణంలో ఒకేలా వినిపించే పేర్లు చాలా ఉన్నాయి. టెన్విర్-ఈఎం అడిగితే టెన్విర్-ఎల్ చేతిలో పెట్టొచ్చు. పేరు కాదు, స్ట్రిప్పు మీదో డబ్బా మీదో రాసిన మందుల పేర్లు రెండూ చదివి తీసుకోండి. ‘టెనోఫోవిర్ అలాఫెనమైడ్’ అని ఉన్న కొత్త రకం స్త్రీలకు యోని మార్గంలో రక్షణ కోసం ఆమోదం పొందలేదు, మీకు అది వద్దు.

మీ విషయంలో ప్రెప్ ఒక వంతెనలా పనికొస్తుంది. పెప్ 28 రోజులు అయిన రోజునే పరీక్ష చేయించుకుని, నెగెటివ్ అయితే మధ్యలో ఒక్కరోజు కూడా ఖాళీ లేకుండా మర్నాటి నుంచి ప్రెప్ మొదలుపెట్టొచ్చు. మీవారి వైరస్ కనిపించని స్థితికి వచ్చి, ఆ రిపోర్టు చేతికొచ్చేదాకా కొనసాగించండి. కొత్తగా మొదలుపెట్టే స్త్రీలకు మాత్రం యోని దగ్గర పొరలో మందు చాలినంత చేరడానికి మూడు వారాల దాకా పడుతుందని లెక్క. అందుకే మగవాళ్లు కొందరు పాటించే పద్ధతి, అంటే కలయికకు రెండు నుంచి 24 గంటల ముందు రెండు మాత్రలు, తర్వాతి రెండు రోజులూ ఒక్కొక్కటి వేసుకోవడం, స్త్రీలకు పనికిరాదు. ఆ పొరలో టెనోఫోవిర్ తక్కువగా నిలుస్తుంది, రోజూ వేసుకుంటేనే సరిపడా ఉంటుంది. హెపటైటిస్ బీ ఉన్న మగవాళ్లకూ ఆ పద్ధతి వద్దు. పెప్ కోసం ప్రెప్ మాత్ర వాడటం, ప్రెప్ కోసం మీవారి టీఎల్‌డీ వాడటం రెండూ తప్పే. పెప్‌కు మూడు మందులుండాలి, ప్రెప్‌కు రెండు చాలు.

ప్రెప్ వాడినన్నాళ్లూ మొదటి నెలకు ఒకసారి, ఆ తర్వాత మూడు నెలలకోసారి హెచ్‌ఐవీ పరీక్ష చేయించుకోవాలి. దీన్ని చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. తెలియకుండా వైరస్ వచ్చేసి ఉంటే, దాన్ని పూర్తిగా అణచడానికి ఈ రెండు మందులూ చాలవు. వైరస్ వాటికి అలవాటు పడిపోతుంది, తర్వాత చికిత్సలో అవే మందులు పనిచేయవు. క్రియాటినిన్ కూడా మొదట ఒకసారి చూడాలి. కిడ్నీ పనితీరు నిమిషానికి 60 మిల్లీలీటర్ల కన్నా తక్కువ ఉన్నవాళ్లకు ఈ మాత్ర ఇవ్వరు. సిఫిలిస్, గనేరియా లాంటి సుఖవ్యాధులనూ, గర్భాన్నీ ప్రెప్ ఆపదు.

మాత్రల బదులు సూదులు కూడా వచ్చాయి. లెనాకపవిర్ అనేది ఆరు నెలలకోసారి పొట్ట చర్మం కింద వేసేది. దక్షిణాఫ్రికా, ఉగాండాల్లో 2,134 మంది యువతులకు ఇస్తే ఒక్కరికీ సోకలేదని 2024లో తేలింది. 2025 జూన్‌లో అమెరికాలో అనుమతి వచ్చింది. దీన్ని చౌకగా తయారుచేయడానికి లైసెన్సు పొందిన కంపెనీల్లో హైదరాబాద్‌కు చెందిన డాక్టర్ రెడ్డీస్, హెటెరో ఉన్నాయి. 2027 నుంచి 120 దేశాలకు ఏడాదికి 40 డాలర్ల ధరకు ఇస్తామని 2025 సెప్టెంబరులో ప్రకటించారు. ప్రస్తుతానికి మీకు అందుబాటులో ఉన్నవి మాత్రలే.

బిడ్డ గురించి రాసిన వాక్యం దగ్గర మీ కలం ఎంత బరువెక్కి ఉంటుందో ఊహించగలం. ఆశ వదులుకోవద్దు. ఏఆర్‌టీ మాత్రలు క్రమం తప్పకుండా వాడి రక్తంలో వైరస్ కనిపించని స్థితికి వచ్చినవాళ్ల నుంచి కలయిక ద్వారా ఎదుటివారికి సోకదు. ఒకరికి ఉండి ఒకరికి లేని జంటలను ఏళ్ల తరబడి గమనించిన పరిశోధనల్లో ఇలా సోకిన ఉదంతం ఒక్కటీ దొరకలేదు. మీవారికి ఇంకో రెండు నెలల్లో వైరల్ లోడ్ చేస్తారు. కౌన్సెలర్ ‘బాగుంది’ అంటే సరిపెట్టుకోకుండా అంకె అడిగి తెలుసుకోండి. మిల్లీలీటరుకు వెయ్యి కాపీల (వైరస్ ప్రతుల) కన్నా తక్కువ ఉంటే మందు పనిచేస్తోందనే అంటారు, కానీ బిడ్డ కోసం కండోమ్ మానాలంటే ‘టార్గెట్ నాట్ డిటెక్టెడ్’ (వైరస్ కనిపించలేదు) అనో, కనీసం 200 కాపీల లోపనో ఉండాలి. ఆ తర్వాత నెలసరి లెక్క చూసుకుని గర్భం నిలిచే రోజుల్లో మాత్రమే కండోమ్ లేకుండా కలవొచ్చు. ఇంకా బెరుగ్గా ఉంటే ఆ నెలల్లో మీరు ప్రెప్ వాడుకోండి, గర్భంలోనూ పాలిచ్చేటప్పుడూ వాడొచ్చు. ఫోలిక్ యాసిడ్ ఇప్పటి నుంచే మొదలుపెట్టండి. వైరస్ పోయేలా వీర్యం కడిగించే ఖరీదైన పద్ధతుల అవసరం మీకు లేదు.

ఊళ్లో తెలియడం గురించి: 2018 సెప్టెంబరు నుంచి అమల్లో ఉన్న హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం ప్రకారం మీ అనుమతి లేకుండా మీకు పరీక్ష చేయకూడదు, మీ వివరాలు బయటపెట్టకూడదు. మీ ఊరివాళ్లు పనిచేసే ఆసుపత్రి అయితే పక్క జిల్లా సెంటరుకు వెళ్లడానికి మీకు అడ్డేమీ లేదు. ఇదే చట్టం ఆసుపత్రుల మీద ఒక బాధ్యత పెట్టింది, అక్కడ పనిచేసే ప్రతివారికీ రక్షణ సామగ్రి, పెప్ అందుబాటులో ఉంచాలి. ఇది నర్సులతో పాటు చెత్త సంచులు ఎత్తే పారిశుద్ధ్య సిబ్బందికీ వర్తిస్తుంది. సూది గుచ్చుకుంటే రక్తం పిండకండి, నోటితో పీల్చకండి, స్పిరిట్, బ్లీచింగ్ పోయకండి, సబ్బుతో పారే నీటి కింద కడిగి వెంటనే డ్యూటీ డాక్టర్‌కు చెప్పి రిజిస్టర్లో రాయించండి. రక్తం కంట్లో పడితే మంచినీళ్లతో బాగా కడగాలి. లైంగిక దాడికి గురైనవారికైతే ప్రభుత్వ, ప్రైవేటు ఆసుపత్రి ఏదైనా సరే ఉచితంగా చికిత్స చేసి తీరాలని భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 397వ సెక్షన్ చెబుతోంది. కేసు పెట్టారా అని అడిగి మందు ఆపడానికి వీల్లేదు.

మీరు అడగలేదు గానీ మనసులో ఉండే ఉంటుంది, పాప గురించి. హెచ్‌ఐవీ పిల్లలకు తల్లి నుంచే వస్తుంది, తండ్రి నుంచి నేరుగా రాదు. మీరు నెగెటివ్ కాబట్టి పాపకు పరీక్ష అక్కర్లేదు. ఆయన కంచంలో తిన్నా, ఆయన ఒళ్లో పడుకున్నా, ముద్దు పెట్టుకున్నా ఏమీ కాదు. గడ్డం గీసుకునే బ్లేడు మాత్రం ఆయనది వేరుగా ఉంచుకోమనండి.